తొలి రాష్ట్రపతియు రాష్ట్రపతి పతాకమును

మహాభారతమున విరాటపర్వకథ విన్నవారికి ఉత్తర గోగ్రహణ ఘట్టము జ్ఞాపకముండును. బృహన్నల వేషముననున్న అర్జునుడు కౌరవసేనలోని వీరులను ఉత్తరునకు చూపునపుడు, వారి రథములపై ఎగురు పతాకములనుబట్టి వారిని గుర్తింపజేయును. బంగారు వేదిక గుర్తుగల పతాకము ద్రోణునిది. తాటిచెట్టు గుర్తుగలది భీష్మునిది. సర్పము గుర్తుగలది దుర్యోధనునిది. ఆ కాలమున పతాకము వీరుని సొత్తు. అది అతని పేరునకును, అతని పరాక్రమమునకును చిహ్నము.

ప్రజాప్రభుత్వమున అట్లు కాదు. ఇక్కడ దేశాధినేతకు పతాకమున్నను అది ఆయన సొంతము కాదు. ఆయన వహించిన పదవికి చెందినది. ఆయన పదవిలో నున్నన్నాళ్ళు అది ఆయన యింటిపై ఎగురును. ఆయన తరువాత వచ్చినవారి కాలమునను అదే పతాకము ఎగురును. పదవి గౌరవమును తన గౌరవముగా భావింపక, తన సుఖదుఃఖములను పదవిధర్మమునకు లోబరచి నడచుట సులభమైన పని కాదు. స్వతంత్ర భారతమున రాష్ట్రపతి పతాకము క్రింద మొట్టమొదట నిలిచి, అట్లు నడచిన మహనీయుడు బాబూ రాజేంద్రప్రసాదు.

రాజేంద్రప్రసాదుగారు 1884 వ సంవత్సరము డిసెంబరు 3 వ తేదీన బీహారు ప్రాంతమునందలి జీరాదేయి గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నాడు సారన్ జిల్లాలోనిది; నేడు సివాన్ జిల్లాలోనున్నది. తండ్రి మహాదేవ సహాయిగారు సంస్కృత పారసీక భాషలయందు పండితులు. తల్లి కమలేశ్వరీదేవి భక్తురాలు. ఆమె తెల్లవారుజాముననే లేచి, చిన్న కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని రామాయణ కథలు చెప్పుచుండెడిది. సంతానములో కడసారివాడగుటచే ఇంటివారందరికిని ఆయనపై మక్కువ ఎక్కువ. అన్నగారగు మహేంద్రప్రసాదుగారును, అక్కగారగు భగవతీదేవియు ఆయనను ప్రాణముతో సమానముగా చూచుకొనిరి.

ఆనాటి ఆచారము ననుసరించి అయిదవయేట ఒక మౌల్వీగారివద్ద పారసీక భాషతో ఆయన చదువు ప్రారంభమయ్యెను. పండ్రెండవయేట రాజవంశీదేవితో వివాహము జరిగెను. ఛాప్రా పట్టణమునందలి జిల్లా పాఠశాలలో చదువుచు, 1902 వ సంవత్సరమున కలకత్తా విశ్వవిద్యాలయమువారి ప్రవేశపరీక్షకు కూర్చుండి మొదటివాడుగా ఉత్తీర్ణుడయ్యెను. ఆ విశ్వవిద్యాలయపు పరిధి నాడు మిక్కిలి విశాలమైనది. బీహారు పల్లెటూరినుండి వచ్చిన బాలుడు వేలకొలది విద్యార్థులను మించి ప్రథమస్థానము పొందుట అందరికిని ఆశ్చర్యమును కలిగించెను. నెలకు 30 రూపాయల విద్యార్థి వేతనము లభించెను. కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి అచ్చటను అదే ప్రతిభను చూపిరి. ఆర్థికశాస్త్రమున ఎం. ఏ. పట్టమును పొంది, కొంతకాలము ముజఫర్‌పూరు కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, పిదప న్యాయశాస్త్రమును చదివి న్యాయవాది వృత్తి నవలంబించిరి.

1916 వ సంవత్సరమున పాట్నాలో హైకోర్టు నెలకొల్పబడగా ఆయన కలకత్తానుండి అచ్చటికి మారిరి. పేరు పెరిగినది, రాబడి పెరిగినది. ఇక ఆయన జీవితము సుఖముగా సాగిపోవునని బంధువులు తలంచిరి. కాని మరుసటి సంవత్సరమే ఆ దారి మలుపు తిరిగెను.

బీహారునందలి చంపారన్ జిల్లాలో తెల్లదొరల నీలిమందు తోటలుండెను. అచ్చటి రైతు తాను సాగుచేయు భూమిలో ప్రతి ఇరువది కట్టాలకు మూడు కట్టాల చొప్పున నీలిమందు మొక్కను పెంచి తీరవలెను. దీనిని తీన్‌కఠియా పద్ధతి యనిరి. రైతులు తమ కడుపునకు కావలసిన ధాన్యమును మాని, దొరల లాభమునకై నీలిని పండించుచుండిరి. రాజకుమార్ శుక్లా అను రైతు పట్టుదలతో గాంధీమహాత్ముని ఈ జిల్లాకు తోడ్కొని వచ్చెను. 1917 వ సంవత్సరము ఏప్రిలు నెలలో వారిద్దరును పాట్నాలో దిగి మొదట రాజేంద్రప్రసాదుగారి యింటికి వెళ్ళిరి. ఆ సమయమున ఆయన ఊరిలో లేకుండిరి. ముతక బట్టలు ధరించి వచ్చిన గాంధీజీని నౌకర్లు ఎవరో పల్లెటూరి కక్షిదారుడని తలచి, బావివద్దకు కూడ రానీయలేదు. తన యింట జరిగిన యీ సంగతిని ఆయన తరువాత తెలిసికొనిరి.

కొలదిదినములలో రాజేంద్రప్రసాదుగారు ఇతర న్యాయవాదులతో కలిసి చంపారన్ చేరిరి. వారి వెంట వంటవారును, నౌకర్లును వచ్చిరి. ఎవరి కులాచారము ప్రకారము వారికి వేర్వేరు వంటలు సాగుచుండెను. గాంధీజీ దీనిని చూచి పరిహాసము చేయుచు, ఒక్క పనికై వచ్చినవారికి ఒక్క వంట చాలునని తెలియజెప్పిరి. క్రమముగా నౌకర్లు వెళ్ళిపోయిరి. వేలు సంపాదించు న్యాయవాదులు తమ బట్టలు తామే ఉదుకుకొని, తమ పాత్రలు తామే తోముకొన నేర్చుకొనిరి. పగలెల్ల రైతులు వచ్చి చెప్పు కష్టములను విని, ప్రశ్నించి, నిజము తేల్చి వ్రాసికొనుచుండిరి. వేలకొలది వాఙ్మూలములు ఈ విధముగా ప్రోగయ్యెను. విచారణసంఘము నియమింపబడి, 1918 వ సంవత్సరమున శాసనము వచ్చి తీన్‌కఠియా పద్ధతి తొలగిపోయెను. ఓరిమితో సత్యమును సేకరించినచో బలవంతుడైన అన్యాయపరుడును తల వంచవలసి వచ్చునని రాజేంద్రప్రసాదుగారు అచ్చట నేర్చుకొనిరి.

సహాయ నిరాకరణోద్యమము ఆరంభమైనప్పుడు ఆయన న్యాయవాది వృత్తిని విడిచిపెట్టిరి. పాట్నాలో గంగాతీరమున వెలసిన సదాకత్ ఆశ్రమము ఆయనకు నివాసమును, కార్యస్థానమును అయ్యెను. 1921 వ సంవత్సరమున బీహారు విద్యాపీఠము స్థాపింపబడగా, అందు జాతీయ విద్యకై పాటుపడిరి. ఉబ్బసవ్యాధి ఆయనను జీవితాంతము బాధించెను. అయినను పలుమారులు చెరసాలకు వెళ్ళుటకు వెనుదీయలేదు.

1934 వ సంవత్సరము జనవరి 15 వ తేదీన బీహారు నేల కంపించెను. ఊళ్ళకు ఊళ్ళు కూలిపోయెను. పొలములలో నేల పగిలి ఇసుకయు, నీరును పైకి చిమ్మెను. అప్పుడు రాజేంద్రప్రసాదుగారు ఖైదీగా నుండి, వ్యాధిచే పాట్నా వైద్యశాలలో చికిత్స పొందుచుండిరి. భూకంపము జరిగిన రెండుదినములకు ప్రభుత్వము ఆయనను విడుదల చేసెను. శరీరము కోలుకొనక పూర్వమే ఆయన సహాయక సంఘమును స్థాపించి, దేశమంతటినుండి ధనమును, ధాన్యమును, వస్త్రములను సేకరించి బాధితులకు పంచిపెట్టించిరి. ఆయన సేకరించిన మొత్తము వైస్రాయి నిధిని మించిపోయెను. పైసకు పైస లెక్క చూపబడెను. అధికారములేని ఒక మనుష్యుని పిలుపునకు దేశము అంతగా పలికినదనిన, ఆయన నిజాయితీపై ప్రజలకుగల విశ్వాసమే దానికి కారణము. ఆ సంవత్సరమే బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆయన అధ్యక్షత వహించిరి.

1942 వ సంవత్సరము ఆగస్టు నెలలో క్విట్ ఇండియా ఉద్యమ సందర్భమున ఆయనను సదాకత్ ఆశ్రమమున నిర్బంధించి బాంకీపూరు జైలుకు గొనిపోయిరి. దాదాపు మూడు సంవత్సరములు ఆయన అచ్చటనే గడపిరి. ఆ కాలమున తన ఆత్మకథను హిందీలో వ్రాసిరి. 1946 వ సంవత్సరమున తాత్కాలిక ప్రభుత్వమున ఆహార వ్యవసాయ శాఖలను నిర్వహించిరి. అదే సంవత్సరము డిసెంబరు 11 వ తేదీన రాజ్యాంగ సభ ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనెను.

స్వాతంత్ర్యము సమీపించుచుండగా దేశమునకు ఒక పతాకమును నిర్ణయింపవలసి వచ్చెను. అంతకుమున్నే కాంగ్రెసునకు పతాకముండెను. దాని చరిత్రలో మన ఆంధ్రులకు ప్రత్యేక స్థానము కలదు. 1921 వ సంవత్సరమున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు ఒక పతాకమును రూపొందించి గాంధీజీకి సమర్పించిరి. అది కొన్ని మార్పులు పొందగా, 1931 వ సంవత్సరమున కాషాయము, తెలుపు, ఆకుపచ్చ రంగులతో, నడుమ రాట్నముతో కూడిన పతాకమును కాంగ్రెసు స్వీకరించెను. ఇప్పుడు కావలసినది ఒక సంస్థకు కాదు, సమస్త జాతికి చెందిన పతాకము.

రాజ్యాంగ సభ 1947 వ సంవత్సరము జూన్ నెలలో ఇందులకై ఒక సంఘమును నియమించెను. రాజేంద్రప్రసాదుగారు దానికి అధ్యక్షులు. మౌలానా ఆజాద్, సరోజినీ నాయుడు, రాజగోపాలాచారి, మున్షీ, అంబేద్కరు మొదలగువారు సభ్యులు. ప్రజలు ఏ రంగుల క్రింద నిలిచి కష్టములను సహించిరో ఆ రంగులనే నిలిపి, రాట్నమునకు బదులుగా సారనాథమునందలి అశోకుని ధర్మచక్రమును ఉంచవలెనని నిర్ణయమయ్యెను. జూలై 22 వ తేదీన సభ దీనిని ఆమోదించెను. ఆగస్టు 14 వ తేదీ అర్ధరాత్రి, దాస్యము అంతరించు గడియలో, హంసా మెహతాగారు భారత స్త్రీల పక్షమున ఆ పతాకమును సభకు సమర్పించిరి. సభాధ్యక్షులగు రాజేంద్రప్రసాదుగారు దానిని అందుకొనిరి. జాతీయ పతాకమును నిర్ణయించిన సంఘమునకు అధ్యక్షులైనవారి చేతికే జాతి తరఫున అది మొదట అందుట విశేషము.

స్వాతంత్ర్యము వచ్చినను, రాజ్యాంగము పూర్తి యగువరకు దేశాధినేత గవర్నరు జనరలే. ఆయనకు ప్రత్యేక పతాకముండెను. బ్రిటిషు పాలనలో వైస్రాయి పతాకము బ్రిటిషు జెండాయే. దాని నడుమ నక్షత్రమును, కిరీటమును ఉండెడివి. 1947 తరువాత గవర్నరు జనరలు పతాకము ముదురు నీలపు గుడ్డపై కిరీటమును, దానిపై నిలిచిన సింహమును, క్రింద దేశనామమును కలిగియుండెను. మౌంట్‌బాటెన్ ప్రభువునకును, ఆయన తరువాత రాజగోపాలాచారిగారికిని అదియే పతాకము. అధినేత భారతీయుడైనను పతాకముపై కిరీటము మాత్రము నిలిచియేయుండెను.

1950 వ సంవత్సరము జనవరి 24 వ తేదీన రాజ్యాంగ సభ రాజేంద్రప్రసాదుగారిని పోటీలేకుండ రాష్ట్రపతిగా ఎన్నుకొనెను. జనవరి 26 వ తేదీ ఉదయము, నేడు రాష్ట్రపతి భవనముగా పిలువబడు సౌధములోని దర్బారు మందిరమున భారతదేశము గణతంత్ర రాజ్యముగా ప్రకటింపబడెను. ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కనియాగారు ఆయనచే ప్రమాణము చేయించిరి. 31 ఫిరంగులు మ్రోగెను. మధ్యాహ్నము ఆరు గుఱ్ఱములు పూన్చిన బండిలో అంగరక్షక దళము వెంట నడువగా ఆయన నగరవీథుల గుండ సాగి, ఇర్విన్ క్రీడామైదానమును చేరి జాతీయ పతాకమును ఎగురవేసి, సైనికుల వందనమును స్వీకరించిరి. ఒకప్పుడు చంపారనులో స్వయముగా పాత్రలు తోముకొన్న చేతులే నాడు ఆ పతాకపు త్రాడును లాగెను.

ఆ దినమునుండియే రాష్ట్రపతికి ఒక క్రొత్త పతాకము అమలులోనికి వచ్చెను. దానియందు కిరీటము లేదు. పరరాజుల చిహ్నమేదియు లేదు. ఆ పతాకము నిలువునను, అడ్డముగను సమముగా ఖండింపబడి నాలుగు గడులుగా నుండెను. ఎదురుమూలలగు రెండు గడులు నీలము. తక్కిన రెండు ఎరుపు. ప్రతి గడియందును బంగారు వన్నెతో ఒక చిత్రము తీర్పబడెను.

స్తంభము ప్రక్కన పైనుండు నీలపు గడిలో సారనాథమునందలి అశోకుని సింహ శీర్షము కలదు. అది క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దినాటి శిల్పము. ఒక్క పీఠముపై వెన్నులు చేర్చి నాలుగు దిక్కులను చూచు ఆ సింహములు దేశైక్యమునకు గుర్తు. దాని ప్రక్కనున్న ఎఱ్ఱని గడిలో అజంతా గుహలనుండి గ్రహింపబడిన ఏనుగు కలదు. ఏనుగు ఓరిమికిని, బలమునకును గుర్తు. నాడు అజంతా హైదరాబాదు రాష్ట్రములోనిదే. 1956 వ సంవత్సరమున రాష్ట్రముల పునర్విభజన జరిగి అది బొంబాయి రాష్ట్రమున చేరెను, నేడు మహారాష్ట్రములోనున్నది.

క్రింది వరుసలో స్తంభము ప్రక్కనున్న ఎఱ్ఱని గడిలో త్రాసు కలదు. ఢిల్లీ ఎఱ్ఱకోటలో, 17 వ శతాబ్దిలో షాజహాను కట్టించిన ఖాస్ మహలునందు పాలరాతి జాలిపై చెక్కబడిన న్యాయపు త్రాసు దీనికి మూలము. ఇది న్యాయమునకును, మితవ్యయమునకును చిహ్నము. కడపటి నీలపు గడిలో సారనాథమునందలి పద్మకలశము కలదు. నిండు కలశము సమృద్ధికి గుర్తని మన యిండ్లలో శుభకార్యములను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నాలుగు చిత్రములను ఒక్కచోట చూచిన ఒక విశేషము తోచును. సింహములు బౌద్ధధర్మము నాదరించిన చక్రవర్తి కాలమునాటివి. ఏనుగు గుహలలో వసించిన భిక్షువుల కాలపు చిత్రకారులు వ్రాసినది. త్రాసు మొగలు పాదుషా కోటలోనిది. వేర్వేరు కాలములలో, వేర్వేరు మతములవారి ఏలుబడిలో పుట్టిన శిల్పములు ఒకే గుడ్డపై చేరినవి. పారసీకమును మౌల్వీవద్దను, రామాయణమును తల్లివద్దను నేర్చిన పురుషునకు ఇంతకంటె తగిన పతాకము లేదు.

ఇట్టి పతాకమును ఉపయోగించుటలో నియమములు కలవు. దేశాధినేత నివాసమున నున్నప్పుడు అది భవనముపై ఎగురును. ఆయన రాజధానిని విడిచి వెళ్ళినచో దానిని దించివేయుదురు. ఆయన వేరొక నగరమునకు వెళ్ళి అచ్చట విడిది చేసినచో, ఆ విడిదిపై ఎగురవేయుదురు. ఆయన ప్రయాణము చేయు కారుపై చిన్న పతాకమును నిలుపుదురు. హైదరాబాదునకు సమీపమున బొలారములోనున్న రాష్ట్రపతి నిలయము అట్టి విడిదియే. దక్షిణదేశమునకు వచ్చిన రాష్ట్రపతులు అచ్చట బస చేయుదురు. పతాకమెక్కడ నెగురునో అక్కడ దేశాధినేత కలరని అర్థము. అందువలననే దానిని ఇష్టము వచ్చినప్పుడు ఎగురవేయుటకు గాని, ఇతరులు వాడుకొనుటకు గాని వీలులేదు.

ఇంకొక భేదమును కూడ విద్యార్థులు గమనింపవలెను. జనవరి 26 వ తేదీన రాష్ట్రపతి ఎగురవేయునది ఏనాడును తన పతాకము కాదు, జాతీయ పతాకమే. తన పతాకము ఆయన ఉనికిని మాత్రము తెలిపెడిది. జాతీయ పతాకము ఎగిరినప్పుడు ఆయనయు తక్కిన పౌరులవలెనే నిలువబడి దానిని గౌరవింపవలెను. దేశములో ప్రథమ పౌరునికంటెను పై స్థానము ఆ మూడు రంగులది.

రాష్ట్రపతి సర్వ సైన్యములకును అధిపతి. కావున సైనిక దళములకు గౌరవ ధ్వజములను ప్రదానము చేయుట ఆయన విధులలో నొకటి. పూర్వము సైనిక దళములు బ్రిటిషు రాజు పేర ధ్వజములను మోసెను. 1950 వ సంవత్సరము నవంబరులో ఆ పాత ధ్వజములను డెహ్రాడూన్ సైనిక విద్యాలయమున సగౌరవముగా భద్రపరచిరి. వానిని చింపివేయలేదు, కాల్చివేయలేదు. వాని క్రింద ప్రాణములర్పించినవారు మన సైనికులే కదా! తరువాత 1951 వ సంవత్సరము మే 27 వ తేదీన రాజేంద్రప్రసాదుగారు భారత నౌకాదళమునకు రాష్ట్రపతి ధ్వజమును ప్రదానము చేసిరి. మూడు సేనలలో ఈ గౌరవమును మొదట పొందినది నౌకాదళమే. 1954 వ సంవత్సరము ఏప్రిలు 1 వ తేదీన వైమానిక దళమునకును ధ్వజప్రదానము జరిగెను.

ఇంతటి వైభవము నడుమ రాజేంద్రప్రసాదుగారు నిరాడంబరముగా జీవించిరి. వందలకొలది గదులుగల ఆ భవనములో తమకు కొలదిగదులే చాలుననుకొనిరి. ఖద్దరు వస్త్రములను విడువలేదు. రాట్నము వడకుట మానలేదు. రాష్ట్రపతికి నెలకు 10,000 రూపాయల వేతనము నిర్ణయింపబడియుండగా, అందు కొంతభాగమును మాత్రమే స్వీకరించిరి. పతాకముపైనున్న త్రాసు న్యాయమునకేకాక మితవ్యయమునకును గుర్తని ముందు చెప్పుకొంటిమి. ఆ గుర్తును ఆయన తన యింటి ఖర్చులోను పాటించిరి. ప్రజలు ఆయనను 1952 లోను, మరల 1957 లోను తమ ప్రతినిధుల ద్వారా రాష్ట్రపతిగా ఎన్నుకొనిరి.

ఆయన హృదయమునకు పెద్ద పరీక్ష 1960 వ సంవత్సరమున వచ్చెను. అక్కగారగు భగవతీదేవికి తమ్మునిపైగల ప్రేమ వయసుతోపాటు పెరిగినదే కాని తగ్గలేదు. ఆయనకు ఆమెయందు మాతృభావము. ఆమె ఆ సంవత్సరము జనవరి 25 వ తేదీ రాత్రి మరణించెను. తెల్లవారినచో గణతంత్ర దినోత్సవము. రాజధాని వీథులు అలంకరింపబడియుండెను. దేశపు నలుమూలలనుండి వచ్చిన సైనికులు, విద్యార్థులు, జానపద నర్తకులు ఆ ఉదయమునకై సిద్ధమైయుండిరి. లక్షలాది ప్రజలు చలిలో లేచి దారి ప్రక్కల చేరనుండిరి.

అక్కగారి దేహము ఇంట నుండగా ఉత్సవమునకు పోవలెనా? పోనిచో ఎవరును ఆయనను తప్పుపట్టరు. తోడబుట్టినదాని మరణము ఎట్టివానికైనను కాళ్ళు కదలనీయని దుఃఖము. కాని ఆ దినమున పతాకమును ఎగురవేయవలసినది రాజేంద్రప్రసాదు అను వ్యక్తి కాదు, భారత రాష్ట్రపతి. ఆయన తన దుఃఖమును లోపలనే అణచుకొని మరునాటి ఉదయము యథాప్రకారముగా బయలుదేరిరి. జాతీయ పతాకము ఎగిరెను. జాతీయ గీతము వినవచ్చెను. ఫిరంగులు మ్రోగెను. దళము వెంట దళము సాగుచుండగా ఆయన నిలువబడి వందనములు స్వీకరించిరి. ఆ ముఖమును చూచినవారికి ఆయన గుండెలోని బరువు తెలియలేదు. ఉత్సవము ముగిసిన పిమ్మటనే ఆయన ఇంటికి మరలి, అక్కగారి అంత్యక్రియలకు పూనుకొనిరి.

ఏనుగు ఓరిమికి గుర్తని పుస్తకములలో వ్రాయుట సులభము. ఆ ఓరిమి మనుష్యునియందు ఎట్లుండునో ఆ ఉదయము తెలిపినది.

1962 వ సంవత్సరము మే 13 వ తేదీన రాజేంద్రప్రసాదుగారు పదవినుండి విరమించిరి. ఆ సంవత్సరమే ఆయనకు భారతరత్న బిరుదము లభించెను. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు రాష్ట్రపతి అయిరి. భవనము మారలేదు, పతాకము మారలేదు, దాని క్రింద నిలిచినవారు మాత్రము మారిరి. పండ్రెండేండ్లు తన నివాసముపై ఎగిరిన పతాకమును అట్లే విడిచి, ఆయన తిరిగి పాట్నాకు, తమ పాత సదాకత్ ఆశ్రమమునకు చేరుకొనిరి. అచ్చట వారు వసించినది సామాన్యమైన కుటీరము. దానిపై ఏ పతాకమును లేదు. ఆ లేమి ఆయనకు లోటుగా తోచలేదు. సెప్టెంబరు నెలలో ధర్మపత్ని రాజవంశీదేవి మరణించిరి. కొలదినెలలకు, 1963 వ సంవత్సరము ఫిబ్రవరి 28 వ తేదీన రాజేంద్రప్రసాదుగారును దేహము చాలించిరి.

ఆయన తరువాత ఆ నాలుగు గడుల పతాకము మరి ముగ్గురు రాష్ట్రపతులకు గుర్తుగా నుండెను. వారిలో రాధాకృష్ణన్‌గారును, వరాహగిరి వేంకటగిరిగారును తెలుగువారు. నడుమ డాక్టరు జాకీర్ హుస్సేన్‌గారు 1967 నుండి 1969 లో మరణించువరకు ఆ పదవిలోనుండిరి. గిరిగారి కాలమున, 1971 వ సంవత్సరము ఆగస్టు 15 వ తేదీనుండి రాష్ట్రపతికి ప్రత్యేక పతాకము లేకుండపోయెను. నాటినుండి రాష్ట్రపతి భవనముపైనను, రాష్ట్రపతి కారుపైనను త్రివర్ణ జాతీయ పతాకమే ఎగురుచున్నది. రాష్ట్రపతి రాజధానిలోనున్నప్పుడు దానిని ఎగురవేయుటయు, విడిచి వెళ్ళినప్పుడు దించుటయు అను పాత నియమము మాత్రము నిలిచియున్నది. దేశాధినేతకును, దేశమునకును ఇప్పుడు పతాకమొక్కటే.

ఆ నీలపు ఎఱ్ఱని పతాకమును నేటి విద్యార్థులు చిత్రములలో మాత్రమే చూడగలరు. కాని దానిపైనున్న నాలుగు గుర్తులు తెలిపిన గుణములు గుడ్డతో వచ్చినవి కావు. గుడ్డతో పోవునవియు కావు. అవి లేనివానిపై పతాకము ఎగిరినను వానికి గౌరవము రాదు. అవి కలవానికి పతాకము లేకున్నను గౌరవము తగ్గదు. పాఠశాలలో చిన్న బాధ్యతను వహించు బాలుడు మొదలు దేశమును నడుపు పెద్దలవరకు ఈ మాట అందరికిని వర్తించును. తన కన్నీటిని దాచుకొని జాతి పతాకమునకు వందనము చేయుచు నిలిచిన ఆ తొలి రాష్ట్రపతి జీవితమే దీనికి నిదర్శనము.